జాకీ మూతిలో పత్తి

మేస్త్రి పోయాడని కబురు వచ్చేటప్పటికి నేను కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాను. మా కోడలు ఫోను చెవి దగ్గర నుంచి తీసి, నా పక్కన కూలబడి, "అత్తయ్యా, మేస్త్రి బాబాయ్ లేడంట" అంది. పొద్దున షెడ్డు తలుపు తీసి, బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఉండగానే గుండె ఆగిపోయిందట. పక్కన మనుషులెవరైనా ఉన్నారా అని అడిగాను. ఉన్నారంది. ఆ మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది. ముందు భయం తీరాలి, తరవాతే నాకు మిగతావన్నీ. పుట్టుకతో వచ్చిన తీరు, ఇప్పుడెక్కడికి పోతుంది.

అతను మాకు చుట్టం కాదు. మా ఊరివాడూ కాదు. మార్టూరు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి. వాళ్ళు సాయిబులు. నాకంటే పదేళ్ళు చిన్న. నేను తమ్ముడూ అనేదాన్ని, అతను అక్కయ్యా అనేవాడు. అందుకే గారు తగిలించకుండా రాస్తున్నాను, చదివేవాళ్ళు తప్పు పట్టుకోకండి. నాకున్నది మూడో తరగతి చదువు. రాసింది నేను, దిద్దింది మా కోడలు.

అతని గురించి చెప్పాలంటే ముందు మా ఇనుప సామాను గురించి చెప్పాలి. మా ఆయన ఉన్న రోజుల్లో మాకొక పాత ట్రాక్టరు ఉండేది. దానికి రెండు తగిలింపులు. ఒకటి హైడ్రాలిక్ ట్రక్కు. దాని కింద జాకీ ఉంటుంది. బండి లోంచి నూనె పైపు గుండా జాకీలోకి తోసుకుపోతే ట్రక్కు పైకి లేచి సరుకు వెనక్కి జారుతుంది. రెండోది తిరగేసే నాగలి, సాలు చివర బోర్లా తిరిగి పక్క సాలు దున్నేది. అదీ నూనెతో నడిచేదే. ట్రాక్టరు అమ్మేసిన ఏడాది ఈ రెండింటినీ గొడ్ల చావిడి పక్కన రేకుల కింద తోసేశాం. అడిగినవాళ్ళందరూ పాత ఇనుము లెక్కన అడిగారు. మా ఆయన ఇవ్వనన్నాడు. తరవాత ఆయనా పోయాడు. ఇనుము అక్కడే ఏడేళ్ళు ఉండిపోయింది, కోళ్ళు పొదగడానికి పనికొచ్చింది.

పోయిన ఏడాది ఎండాకాలం మా అబ్బాయి, కోడలు కలిసి కొత్త ట్రాక్టరు తెచ్చారు. మా అబ్బాయి మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీకి పొద్దున పోతే చీకటిపడ్డాకే వస్తాడు. వ్యవసాయమంతా కోడలిదే. ట్రాక్టరు నడపడం వాళ్ళ పుట్టింట్లోనే నేర్చుకుంది. కాబట్టి ట్రక్కు లేపే మీట మీద చెయ్యి వేసేది ఆ పిల్లే, ట్రక్కు ముందు కూర్చునేదీ ఆ పిల్లే. పాత ట్రక్కు ఉండగా కొత్తది ఎందుకు, మేస్త్రిని పిలిచి బాగుచేయించి తగిలిద్దాం అంది. పత్తి పెట్టకముందే చేలకు పెంట తోలాలి. లోడెత్తడానికి కూలీలను కూడా మాట్లాడేసింది.

నాకు ఆ రోజు నుంచీ ముద్ద దిగలేదు. ఒకసారి మా ఆయన కళ్ళముందే ఆ ట్రక్కు లేచినట్టే లేచి దభీమని కిందకి వచ్చింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. దాని ముందు ఇప్పుడు మా కోడలు కూర్చుంటుందంటే ఎలా ఉంటుంది?

మేస్త్రి వచ్చాడు. అతను పనిముట్ల సంచీ దించగానే ఇనుము జోలికి పోడు. ముందు బండి తాళం తీసి చేత్తో పట్టుకుంటాడు. తరవాత ఇంట్లో ఉతికిన పాత పంచె గాని చీర గాని అడుగుతాడు. గోనెపట్టా ఇస్తే తీసుకోడు, నూగు ఉంటుందని. ఆ గుడ్డ పరిచి, ఊడదీసినవన్నీ తీసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేరుస్తాడు. తిరిగి బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వస్తాడు. ఆ గుడ్డ మీదకి కాకి వాలినా ఒప్పుకోడు.

ఇవన్నీ కానిచ్చి, ఒక మాట అడుగుతాడు. నడిపేదెవరు అని కాదు, కొన్నదెవరు అని కాదు. "దీన్ని పక్కన పెట్టింది ఎవరు? వాళ్ళని పిలవండి" అంటాడు. ఎన్నేళ్ళో మూలపడిన సామాను సంగతి, దాన్ని మూల పెట్టిన చేతికే తెలుస్తుందని అతని లెక్క.

ఆ రోజూ అదే అడిగాడు. నేను అరుగు మీద ఉన్నాను. మా ఆయన పెట్టాడు, ఆయన లేడుగా అన్నాను.

అది అబద్ధం. ట్రక్కును రేకుల కిందకి తోసింది మా ఆయనే. కానీ పైపు ఊడదీశాక తెరిచిన మూతులన్నీ చూసి బెంగపెట్టుకున్నది నేను. కుమ్మరి పురుగులు లోపల మట్టిగూళ్ళు పెడతాయని, వాన నీళ్ళు పోతాయని. చేలో పత్తి ఉంది, ఇంట్లో పత్తి ఉంది. గింజ తీసి ఉండ చేసి జాకీ మూతిలో కుక్కాను. అది వదులుగా ఉందనిపించింది. పత్తి పుల్లతో బాగా లోపలికి తోసి, దాని మీద ఇంకో ఉండ బిగించాను. మా ఆయన చూసి, బాలింత చెవుల్లో పెట్టినట్టు పెట్టావే అని నవ్వాడు కూడా. పత్తి పండించేవాళ్ళం, ఇంకేం కుక్కుతాం?

మేస్త్రి జాకీ మూతి దగ్గర పై ఉండని గోటితో లాగి తీశాడు. దులిపి పక్కన పెట్టి, ఇంతేనా, ఇంకేమైనా ఉందా అని గాల్లోకే అడిగాడు. నేను కాళ్ళ దగ్గరున్న చాట తీసుకుని లోపలికి పోయాను.

కొత్త బండి సంగతి అప్పుడే కోడలికి చెబుతుంటే విన్నాను. ఇందులో ట్రక్కు లేపే నూనె, గేరు పెట్టెలో తిరిగే నూనె ఒకటేనట. ట్రక్కు లేచేటప్పుడు బండిలో నూనె జాకీలోకి వెళ్తుంది. దిగేటప్పుడు అదే నూనె, జాకీలో ఉన్న మురికిని వెంటబెట్టుకుని బండి కడుపులోకి వస్తుంది. "కొత్త కోడలికి మొదటి రోజే పాచన్నం పెడతామా అమ్మాయ్? ఇదీ అంతే" అన్నాడు. మా కోడలు ఊరుకుంటుందా. మా అత్తయ్య పెట్టింది లెండి బాబాయ్, నేను అరిగించుకున్నాను అంది. అతను నవ్వాపుకోలేక చేతిలో పానా కింద పడేశాడు. పండగనాటి పులిహోర మిగిలితే మర్నాడు పెట్టాను, దానికి పదేళ్ళుగా ఈ దెప్పు.

నేను మాత్రం లోపల నవ్వలేకపోయాను.

పాత నూనె వంచేశాడు. మురుగ్గుంట నీళ్ళలా నల్లగా, నురుగ్గా వచ్చింది. డీజిల్ పోసి కడిగాడు. పైపు పాతది చీలికలిచ్చిందని కొత్తది తెప్పించాడు. జాకీ కడ్డీని గోటితో పైనుంచి కిందదాకా గీకి చూసి, గుంటలేమీ పడలేదన్నాడు. అయినా విప్పి లోపల నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు చూడాలన్నది అతని మనసు. కోడలు కూలీల గురించి చెప్పింది. మర్నాడే వస్తున్నారు, ఇప్పుడు కాదంటే మళ్ళీ దొరకరు. సరే, ఒకసారి ఖాళీగా లేపి చూద్దాం, తేడా ఉంటే విప్పుదాం అన్నాడు. కోడలు బండి ఎక్కి కూర్చుంది. మేస్త్రి పైపు కొస తుడిచి బండికి తగిలించబోయాడు.

అప్పుడు నేను అరుగు దిగాను. ఎలా దిగానో తెలీదు. నా మనసులో బండి లేదు, నూనె లేదు. ఆ మీట మీద ఉన్న పిల్ల చెయ్యి ఒక్కటే ఉంది.

"తమ్ముడూ, తగిలించకు. పక్కన పెట్టింది నేనే. మూతిలో ఇంకో ఉండ ఉంది. పుల్లతో లోపలికి తోశాను."

కోడలు బండి మీద నుంచే, "పోయిన మనిషి మీద పెట్టేశావా అత్తయ్యా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మేస్త్రి పైపు కిందపెట్టాడు. దాని మూతికి ప్లాస్టిక్ మూత బిగించాడు. చేతులు తుడుచుకున్నాడు. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. అతను అన్నది ఇంతే.

"ఈ మాట చెప్పడానికి నీకెంత కష్టమైందో నాకు తెలీదు అక్కయ్యా. చెప్పకపోతే నాకెంత కష్టమయ్యేదో మాత్రం తెలుసు."

ఆ వెంటనే కోడలితో, తప్పు నాది కూడా అమ్మాయ్, విప్పాలని తెలిసి తొందరపడ్డాను అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు, అంత పని తెలిసినవాడు, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల ముందు ఆ మాట అన్నాడు. నేను అతని దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే. కూలీలకు అప్పటికప్పుడే కోడలు ఫోను చేసి రెండు రోజులాగమంది.

జాకీ విప్పడానికి పూట పట్టింది. పత్తి ఉండ నిమ్మకాయంత బయటికి వచ్చింది, బొగ్గులా నల్లగా. సగం విడిపోయి పోగులు పోగులుగా ఉంది. మేస్త్రి దాన్ని నా కంటపడేలా ఎత్తి చూపించలేదు, ఒక కాగితంలో పెట్టి మడిచేశాడు. లోపల సీళ్ళు ఎండిన రేగుపండ్ల తొక్కల్లా పగిలి ఉన్నాయి. వీటితో బరువు లేపితే ఏమయ్యేదో ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు. ఆ దభీమన్న చప్పుడు మా ఇద్దరికీ వినపడే ఉంటుంది.

మర్నాడు చిలకలూరిపేట పోయి సీళ్ళు తెచ్చాడు. కూర్చుని పని మొదలుపెట్టబోతూ నన్ను పిలిచి, ఎదురుగా మోడా వేయించాడు. "నీ భయాలన్నీ ఒక్కొక్కటే చెప్పు. ఏదీ దాచుకోకు. చూద్దాం" అన్నాడు. నా జన్మలో నన్ను ఎవరూ అలా అడగలేదు. మా ఆయన, మా అబ్బాయి, ఆఖరికి నన్ను కన్నతల్లి, అందరూ ఊరుకోవే అన్నవాళ్ళే. నేను చెప్పడం మొదలుపెట్టాను. ట్రక్కు వెనక కీలు ఊడితే? పైపు పేలి పిల్ల మొహాన పడితే? కింద కోడి దూరితే? జాకీ నూనె తాగేస్తే బండిలో నూనె చాలకపోతే? టైర్లు? వెనక తలుపు కొక్కెం? అతను ప్రతిదానికీ లేచి వెళ్ళి చూసి వచ్చాడు. నవ్వలేదు. పైపు సంగతి వచ్చినప్పుడు ఒక అట్టముక్క తెచ్చి, నూనె చిమ్ముతుందేమో అట్టతోనే చూడాలి, చేత్తో తడమకూడదు, సూదిలా చర్మంలోకి దిగుతుంది అని కోడలికి చూపించాడు. నేను చెప్పినవాటిలో రెండు నిజమయ్యాయి. కీలు పిన్ను ఒకవైపు సగం అరిగిపోయి ఉంది. బండిలో నూనె నిజంగానే ఒక డబ్బా పోయాల్సి వచ్చింది.

అన్నీ అయ్యాక అతను అన్న మాట నేను గోడ మీద రాసుకోలేదు గాని, రాసుకున్నట్టే. "ఇంటికొక భయపడే మనిషి ఉండాలక్కయ్యా. కాకపోతే భయాన్ని కడుపులో పెట్టుకుని తిరగకూడదు. నలుగురిలో పెట్టాలి."

ట్రక్కు లేపిన రోజు శుక్రవారం. ఖాళీగా ఆరేడుసార్లు మెల్లగా లేపి దించి, లోపల గాలంతా పోగొట్టాడు. తరవాత పూర్తిగా లేపి, జాకీ కడ్డీ మీద సుద్దముక్కతో గీత గీసి, ఎంత దిగుతుందో చూద్దామన్నాడు. ఈలోపు నమాజు వేళయింది. ముందే చేసి పెట్టిన ఇనుప దన్ను తెచ్చి ట్రక్కు కింద నిలబెట్టి, బండి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. ఎవరడిగినా ఇవ్వొద్దు, మీ అబ్బాయి అడిగినా సరే అన్నాడు. కోడలి చేతికి కదా ఇవ్వాలి అంటే, ఆ పిల్లకి ధైర్యం ఎక్కువ, తాళం భయపడేవాళ్ళ దగ్గరుండాలి అన్నాడు. అతను తిరిగి వచ్చిందాకా తాళం చీర కొంగున కట్టుకుని అక్కడే కూర్చున్నాను. కోడిని రెండుసార్లు తోలాను. దన్ను తీసి మళ్ళీ గంటసేపు చూశాం. గీత ఎక్కడిదక్కడే ఉంది. అప్పటికీ అతను కోడలితో చెప్పాడు, నమ్మకం ఎంతైనా ఉండనీ, తల మాత్రం కింద పెట్టొద్దు, దన్ను లేకుండా దాని కిందకి పోతే నా షెడ్డుకు రావద్దు అని. ఆ ఏడు పెంటంతా ఆ ట్రక్కే తోలింది.

నాగలి సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆ వచ్చే ఏడు వచ్చేసరికి అతను లేడు.

పరామర్శకు వాళ్ళింటికి వెళ్ళాను. మగవాళ్ళు కబరస్తాన్ నుంచి తిరిగి వస్తున్నారు. లోపల ఆడవాళ్ళ మధ్య వాళ్ళావిడ గోడకానుకుని కూర్చుంది. మాటల్లో మాటగా చెప్పింది. ఏడాది నుంచీ ఆయన ఎవరి పాత సామాను ముట్టుకున్నా ముందుగా మూతుల్లో ఏం కుక్కారని అడిగేవాడట. ఒకరు పేలిక, ఒకరు మొక్కజొన్న కండె, ఒకరు సబ్బుముక్క. ఇంటికొచ్చి చెప్పి నవ్వించేవాడట. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఒక అక్కయ్య నేర్పింది అనేవాడు తప్ప పేరు చెప్పలేదట. ఏ ఊరో కూడా చెప్పలేదట.

ఆ గదిలో పాతికమంది ఉన్నారు. నాకు పదిమందిలో గొంతు పెగలదు. అయినా చెప్పాను. ఆ అక్కయ్యని నేనే, అబద్ధం ఆడి దాచిపెట్టింది కూడా నేనే, మీ ఆయన నా పరువు కాపాడాడు అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మేమిద్దరం ఏడవలేదు. ఆవిడ సబ్బుముక్క పెట్టినవాడి కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

పత్తి కట్టె పీకేశాక చేను గట్టిపడి ఉంది, లోతు దుక్కి పడాలి. మా అబ్బాయి వేరే మేస్త్రిని చూద్దామన్నాడు. కోడలు నా మొహం చూసింది. ముందు మనం విప్పుదాం, మనకు అందనిది ఉంటే అప్పుడు పిలుద్దాం అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. నాగలికి పైపులు రెండు, కాబట్టి మూతులూ ఎక్కువే. ఎక్కడెక్కడ పత్తి పెట్టానో, ఎంత లోతుకు తోశానో ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను. కోడలు విప్పుతుంటే నేను ఉతికిన పంచె మీద ఎడమ నుంచి కుడికి పేర్చాను. కొత్త సీళ్ళకు పాతవి పట్టుకుని చిలకలూరిపేటకు బస్సులో ఇద్దరం వెళ్ళాం. కొట్టువాడు మేస్త్రి ఎవరని అడిగాడు. పేరు చెబితే తనే లేచి వెళ్ళి సీళ్ళు రెండు జతలు తీసి, దేనికి ఏది నప్పుతుందో వెలుతురులో పెట్టి చూపించాడు. బిగించాక ఇంటి దగ్గరే ఒక రోజంతా లేపాం, దించాం, తిప్పాం. అట్టముక్క మీద నూనె చుక్క పడలేదు. నాకు తోచిన భయాలన్నీ పైకే చెప్పాను. కోడలు ఒక్కదానికీ విసుక్కోకుండా లేచి వెళ్ళి చూసింది.

మొన్న బుధవారం చేలోకి దిగాం. నేను గట్టు మీద, బండికి దూరంగా. మొదటి సాలు చివరికి వెళ్ళి కోడలు నాగలిని పైకి లేపింది. మట్టి పెళ్ళలు రాలాయి. మీట నొక్కింది. అంత బరువు ఇనుము, ఏడెనిమిదేళ్ళు కోళ్ళ కింద పడున్న ఇనుము, గాల్లో ఒక్క క్షణం అడ్డంగా నిలిచి, నిద్దట్లో పిల్ల పక్కకి ఒత్తిగిల్లినట్టు నిదానంగా బోర్లా తిరిగి ఆగింది. దాని రెక్కల మీద ఎండ జారి నల్లరేగడి మీద పడింది. కోడలు వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. బండి తిప్పుకుని, మెత్తగా విరిగిన ఆ సాలు పక్కనే రెండో సాలు మొదలుపెట్టింది.